చిరునామాకు జీర్ణోద్ధరణ

ఉత్తరములోని విషయము ఎంత విలువైనదైనను దానిని గమ్యమునకు చేర్చునవి పైనున్న నాలుగు పంక్తులే. వాటినే మనము చిరునామా యందుము. వ్రాయువానికి అది అలవాటు; చదువువానికి మాత్రము అదొక శాస్త్రము. తపాలా బంట్రోతు ఆ శాస్త్రమును ఏ పాఠశాలలోను నేర్వలేదు. ఏండ్ల తరబడి చేతిలో పడిన ఉత్తరములే అతనికి గురువులు. అతడు చేయు పనిని నేడు ఈ-మెయిలు విషయమున కంప్యూటరు చేయుచున్నది. ఆ పనికై వ్రాసిన ప్రోగ్రాములు ముసలివైనప్పుడు ఏమి చేయవలెను? పాతదానికి అతుకులు వేయుచు పోవలెనా, క్రొత్తగా వ్రాయవలెనా? వ్రాసినచో ఏ జాగ్రత్తలు పాటింపవలెను? యంత్రములతో పరిచయము లేనివారికి ఇది దూరపు సంగతిగా తోచవచ్చును. కాని వ్యాకరణము చెప్పు ఉపాధ్యాయునకు, నేర్చు విద్యార్థికి ఇది యింటి సంగతియే.

ఊరు కదలదు, చిరునామా కదలును

జగ్గయ్యపేట చేరువను, హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై గరికపాడు అను గ్రామము కలదు. ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము వారి కృషి విజ్ఞాన కేంద్రము అచట నున్నందున మెట్ట రైతులకు ఆ పేరు పరిచితము. ఆ ఊరు ఉన్నచోటనే యున్నది. దాని చిరునామా మాత్రము ఎన్నిసార్లు మారినదో చూడుడు.

1953 అక్టోబరు 1వ తేదీకి పూర్వము ఉత్తరముపై మద్రాసు రాష్ట్రమని వ్రాసెడివారు. ఆనాటినుండి ఆంధ్ర రాష్ట్రమనియు, 1956 నవంబరు 1 నుండి ఆంధ్ర ప్రదేశ్ అనియు వ్రాసిరి. పూర్వము నందిగామ తాలూకా యని వ్రాసిన చోట 1985లో మండలములు ఏర్పడిన పిదప జగ్గయ్యపేట మండలము వచ్చి చేరినది. 1972 ఆగస్టు 15న దేశమంతట ఆరంకెల పిన్ కోడు అమలులోనికి వచ్చెను. జగ్గయ్యపేటకు 521175 అను సంఖ్య లభించినది. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలను మార్చినప్పుడు ఊరి ముందరి తొమ్మిదవ నంబరు రహదారి అరువదియైదవ నంబరు రహదారియైనది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడగా గరికపాడు సరిహద్దు గ్రామమైనది. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా విభజింపబడి ఈ ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చినది. జగ్గయ్యపేట మాత్రము ఆది నుండియు జగ్గయ్యపేటయా? బేతవోలు అను పూర్వ నామమును మార్చి, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేర ఆ పట్టణమును నిలిపెను. ఇంతకును గరికపాడు అను పేరుగల గ్రామము ఇదొక్కటియే కాదు. గుంటూరు సీమయందును ఆ పేరు వినబడును.

ఇన్ని మార్పులు జరిగినను, పెద్దవారెవరో అలవాటు చొప్పున “నందిగామ తాలూకా, కృష్ణా జిల్లా” అని వ్రాసిన కార్డును తపాలావారు చించి పారవేయరు. పాత వ్రాతను గ్రహింతురు; క్రొత్త దారిని పంపుదురు. ఊరి పేరు రెండు చోట్ల ఉన్నచో పిన్ కోడు చూతురు; అది లేనిచో జిల్లా చూతురు. పాతదానిని చదువగలుగుట, క్రొత్తదానిని నేర్చుకొనుట, సందేహము కలిగినచోట ఊహతో దుడుకుగా పోకుండుట — మంచి చిరునామా పాఠకునికి ఈ మూడును లక్షణములు. ఈ మూడును కంప్యూటరు ప్రోగ్రామునకు నేర్పుట ఎంత కష్టమో గడచిన ఏబది యేండ్ల చరిత్ర చెప్పుచున్నది.

యంత్రము చేయు పదవిభాగము

పద్యము పాఠము చెప్పునప్పుడు పంతులుగారు మొదట పదవిభాగము చేయింతురు. పిదప ప్రతిపదార్థము, ఆ పిదప అన్వయము. “వాడెక్కడ” అన్నచోట “వాడు, ఎక్కడ” అని విడదీయనిదే అర్థము తెలియదు. కంప్యూటరుకును ఇదే అవస్థ. దానికి కనబడునది అక్షరముల వరుస మాత్రమే. ఆ వరుసను విడదీసి, ఏది పేరు, ఏది స్థలము, ఏది అప్రస్తుతము అని నిర్ణయించు ప్రోగ్రామును పార్సరు అందురు.

ఉదాహరణకై ఒక చిరునామాను కల్పింతము:

“శర్మ, తెలుగు పండితుడు” <బడి@గరికపాడు.భారత్> (సెలవులలో చూడరు)

ఇందు ఉద్ధరణ చిహ్నముల నడుమ నున్నది మనుష్యులకై వ్రాసిన పేరు. కోణపు గుర్తుల నడుమ నున్నదే అసలు చిరునామా. వృత్తాకారపు కుండలీకరణములలో నున్నది వ్యాఖ్య. యంత్రము దానిని విడిచిపెట్టవలెను. @ గుర్తునకు ఎడమ భాగము పెట్టె పేరు. కుడి భాగము ఆ పెట్టె యున్న స్థలము. చాలమందికి ఒకేసారి జాబు పంపునప్పుడు ఒక్కొక్కరి చిరునామా నడుమ కామా పెట్టుదురు. కాని పై ఉదాహరణములో శర్మ అను మాట తరువాతి కామా ఇద్దరిని వేరుచేయు కామా కాదు. అది పేరులోని కామా. ఉద్ధరణ చిహ్నముల లోపలి కామా వేరు, వెలుపలి కామా వేరు. ఒకే గుర్తు స్థానమును బట్టి అర్థము మార్చుకొనును. మన సున్న ఒకచోట మకారముగను, మరియొకచోట నకారముగను పలుకబడుట లేదా? అట్లే.

ఈ @ గుర్తు కథ 1971లో మొదలైనది. అమెరికాలో అర్పానెట్ అను పరిశోధనా జాలమునందు ఒక కంప్యూటరు నుండి మరియొకదానికి జాబు పంపు పనిలో నున్న రే టాంలిన్‌సన్ అను ఇంజనీరు, మనిషి పేరును యంత్రము పేరును వేరుచేయుటకై, మనుష్యుల పేర్లలో రాని గుర్తును వెదకెను. వర్తకులు “ఒక్కొక్కటి ఇంత చొప్పున” అని ధర వ్రాయునప్పుడు వాడు @ గుర్తు ఆయన కంటబడినది. ఎంపిక సులభమే, తరువాతి వ్యాకరణమే కఠినమైనది. 1977లో ఆర్.ఎఫ్.సి. 733 అను పత్రములో చిరునామా నియమములు వెలువడినవి. 1982లో డేవిడ్ క్రాకర్ వాటిని సవరించి ఆర్.ఎఫ్.సి. 822 రూపొందించెను. పీటర్ రెస్నిక్ సంపాదకత్వమున 2001లో 2822, 2008లో 5322 అను పత్రములు వచ్చినవి.

ఈ చివరి రెండు పత్రములలో ఒక సూత్రము తెలుగు పండితులకు వెంటనే స్ఫురించునట్టిది. కొన్ని వ్రాత పద్ధతులను అవి “పాతబడినవి” అని ప్రత్యేకించినవి. అట్టివాటిని క్రొత్తగా వ్రాయకూడదు; కాని ఎవరైన వ్రాసి పంపినచో చదివి తీరవలెను. మన అరసున్న గతియు ఇంతియే కదా! నేటి విద్యార్థి దానిని వ్రాయడు. కాని పాత పుస్తకములో కనబడినప్పుడు అచ్చు తప్పని కొట్టివేసినచో చదువు రాదనిపించుకొనును. చదువుటలో ఉదారత, వ్రాయుటలో నియమము — ఈ నీతిని అంతర్జాల నిర్మాతలలో ఒకరైన జాన్ పోస్టెల్ 1980లోనే సూత్రీకరించెను.

అతుకుల బొంత

నియమములు పత్రములో నున్నంత శుభ్రముగా ప్రోగ్రాములో ఉండవు. కారణము సులభము. మొదట వ్రాసినవాడు తాను చూచిన చిరునామాలకు సరిపోవునట్లు వ్రాయును. మరుసటి యేడు వింతయైన చిరునామా యొకటి వచ్చును. ఒక అతుకు వేయుదురు. మరియొక జాలము నుండి మరియొక తరహా చిరునామా వచ్చును, మరియొక అతుకు. 1980 ప్రాంతమున ఒక్కొక్క జాలమునకు ఒక్కొక్క పద్ధతి యుండెడిది. ఒకచోట @ గుర్తు. వేరొకచోట దారిలోని యంత్రముల పేర్లన్నియు ఆశ్చర్యార్థక చిహ్నముతో గ్రుచ్చిన మాల. ఇంకొకచోట శాతము గుర్తు. బర్క్‌లీ విశ్వవిద్యాలయములో ఎరిక్ ఆల్మన్ వ్రాసిన సెండ్‌మెయిల్ అను ప్రోగ్రాము వీటినన్నిటిని ఒకదానినుండి మరియొకదానికి మార్చి జాబులను చేరవేసినది. అంతర్జాలపు బాల్యమున ఆ సేవ సామాన్యమైనది కాదు. కాని దాని నియమముల పట్టిక చూచిన వారికి అది చిహ్నముల అడవివలె కనబడెడిది. దానిని వివరించుటకే బలమైన గ్రంథములు వెలువడినవి.

మరికొందరు చిరునామాను ఒకే సూత్రములో బంధింపదలచిరి. జెఫ్రీ ఫ్రీడ్ల్ 1997లో వెలువరించిన గ్రంథములో అట్టి సూత్రమొకటి కలదు. అది వేల అక్షరముల పొడవు. అంత పొడవైనను కుండలీకరణములో కుండలీకరణము, దానిలో మరియొకటి — ఇట్లు ఎంత లోతునకైన పోగల వ్యాఖ్యలను అది పూర్తిగా పట్టలేదు. లోపము ఆయన నేర్పులో లేదు. ఆ జాతి సూత్రములకు లోతును లెక్కించు శక్తి లేదు. ఎన్ని తలుపులు తెరచితిమో గుర్తుంచుకొని, అన్నిటిని మూయవలెనన్నచో జ్ఞాపకముంచుకొను ఉపాయము వేరుగా కావలెను.

అతుకుల బొంత చలికి ఆగును. అయితే దానిలో ఏ దారము తెంచినచో ఏ ముక్క యూడునో కుట్టినవానికిని తెలియదు. కుట్టినవాడు వెడలిపోయిన పిదప చెప్పనక్కర లేదు. పాత ప్రోగ్రాములతో అసలు చిక్కు ఇదియే. అవి పని చేయును. ఎందుకు చేయునో తెలిసినవారు మిగులరు.

2003 నాటి హెచ్చరిక

వంతెన నిలిచియున్నంతకాలము దాని సంగతి ఎవరును తలపరు. 2024 సెప్టెంబరు మొదట పాలేరు పొంగి గరికపాడువద్ద వంతెన దెబ్బతిన్నప్పుడు గాని, ఎన్ని ఊళ్ల బ్రదుకు దానిపై నడచుచుండెనో చాలమందికి తెలియలేదు. చిరునామాను చదువు ప్రోగ్రాము అట్టిదే.

2003 మార్చి 3న ప్రపంచమంతటి కంప్యూటరు నిర్వాహకులకు ఒక హెచ్చరిక అందినది. సెండ్‌మెయిల్‌లో చిరునామాను విడదీయు భాగమున ప్రమాదకరమైన దోషము కలదని ఐ.ఎస్.ఎస్. అను సంస్థ పరిశోధకులు కనుగొనిరి. ఆ భాగము కోణపు గుర్తులను లెక్కించుచు, తనకు కేటాయించిన చోటు ఎంత మిగిలినదో సరిచూచుకొనవలెను. ఒక గుర్తు వద్ద హద్దును పెంచి, దానికి జతయైన గుర్తు వద్ద తగ్గించుట మరచినది. కావున కావలెనని పేర్చిన గుర్తులతో ఒక జాబు పంపినచో, ప్రోగ్రాము తన హద్దు దాటి ప్రక్క చోటులో వ్రాయసాగును. ఆ సందున దూరమునుండియే కంప్యూటరును వశపరచుకొనుటకు వీలుండెను. తలుపు తట్టనక్కర లేదు. ఉత్తరము వేసిన చాలును! దానిని దిద్దిన నెలలోపలనే, మార్చి 29న, చిరునామాను చదువు మరియొక భాగములో మరియొక దోషము బయటపడినది.

ఇందు గ్రహింపవలసినది ఆ ప్రోగ్రాము నింద కాదు. అది ఎందరో నిపుణులు చదివినది. ఏండ్ల తరబడి లోకమునకు సేవచేసినది. ఐనను కొద్ది పంక్తుల భాగములో ఒక కూడిక, ఒక తీసివేత సరిపోలలేదని ఇన్నేండ్లు కనబడలేదు. కారణము, ఆ భాగము చదువుటకు కష్టము. కంటికి స్పష్టము కాని చోటనే తప్పు దాగును. కనుక “నిర్వహణకు సులభముగా” అను మాట సౌకర్యపు మాట కాదు, భద్రతకు సంబంధించిన మాట.

తిరిగి వ్రాయుట మేలా?

ఇంతవరకు చదివినవారు, “ఐనచో పాతదానిని పారవేసి క్రొత్తది వ్రాయరేల?” అని యడుగుదురు. దీనికి బలమైన ప్రతివాదము కలదు. 2000వ సంవత్సరమున జోయెల్ స్పోల్‌స్కీ అను ప్రోగ్రాము రచయిత ఒక ప్రసిద్ధ వ్యాసములో నెట్‌స్కేప్ కంపెనీ ఉదాహరణమును తీసికొని, ఉన్న ప్రోగ్రామును విడిచి మొదటినుండి వ్రాయుట మహా ప్రమాదమని వాదించెను. ఆ కంపెనీ నాలుగవ రూపము పిదప అయిదవ రూపమును వెలువరింపనే లేదు. ఆరవది 2000 నవంబరులో వచ్చునప్పటికి పాఠకజనము వేరొక ప్రోగ్రామునకు తరలిపోయిరి. పాత ప్రోగ్రాములో వికారముగా కనబడు ప్రతి పంక్తి వెనుకను ఎప్పుడో ఎవరికో కలిగిన ఒక కష్టము, దానికి చేసిన చికిత్స ఉండును. పంక్తిని తీసివేసినచో చికిత్సయు పోవును. జబ్బు తిరిగి వచ్చును.

ఈ వాదములో సత్యము కలదు. కాని మన దేశమున శిథిలమైన దానిని బాగుచేయుటకు ఒక పురాతన సంప్రదాయము కూడ కలదు. దాని పేరు జీర్ణోద్ధరణ. దేవాలయమును పునర్నిర్మించునప్పుడు పూజలు నిలువరాదు కావున మొదట ఒక బాలాలయమును కట్టి, దైవమును అందు ఆవాహన చేసి, నిత్యార్చనను అచట సాగింతురు. ఇట పూజ సాగుచుండ అట రాయి రాయి విప్పుదురు. పనికివచ్చు శిలలను అంకెలు వేసి దాచి, తిరిగి అదే చోట నిలుపుదురు. అంతయు సిద్ధమైన పిదపనే మహాసంప్రోక్షణము. జీర్ణోద్ధరణ యనగా గుడిని కూలగొట్టుట కాదు, విడిచిపెట్టుటయు కాదు. ప్రోగ్రాములను తిరిగి వ్రాయు వారిలో వివేకులు అనుసరించినది సరిగా ఈ క్రమమునే.

పైథాన్ అను ప్రోగ్రాము భాష నేడు మన పాఠశాలలలో కూడ బోధింపబడుచున్నది. దానితోపాటు వచ్చు ఈ-మెయిలు భాండాగారములో చిరునామాను చదువు పాత భాగమొకటి చిరకాలముగా నుండెను. ఆర్. డేవిడ్ మర్రే అను ఆయన దానికి మారుగా క్రొత్త భాగమును వ్రాసెను. ఇందు పద్ధతి గమనింపదగినది. ప్రామాణిక పత్రములో ఎన్ని వ్యాకరణ సూత్రములున్నవో ప్రోగ్రాములోను అన్ని చిన్న చిన్న భాగములు. సూత్రము పేరే భాగము పేరు. ఒక చేత పత్రమును, ఒక చేత ప్రోగ్రామును పట్టుకొని పంక్తివెంట పంక్తి పోల్చవచ్చును. వ్యాకరణమునకు వ్యాఖ్యానమువలె ప్రోగ్రాము నడచును. చిరునామాలో తప్పున్నచో అది మొండికేయదు, మౌనముగా మ్రింగివేయదు. చదువగలిగినంత చదివి, ఇచట ఈ దోషమున్నదని ప్రక్కన గుర్తించి పెట్టును. జవాబు పత్రములో తప్పునకు సున్న చుట్టి, ఒప్పునకు మార్కులిచ్చు ఉపాధ్యాయుని పద్ధతి యిది.

బాలాలయ న్యాయము సంగతి చూడుడు. ఈ క్రొత్త భాగము 2012 సెప్టెంబరులో పైథాన్ 3.3 రూపముతో వచ్చినది. కాని “తాత్కాలికము” అను ముద్రతో వచ్చినది. పాత పద్ధతిని తీసివేయలేదు, కోరినవారికే క్రొత్తది. 2016 డిసెంబరులో 3.6 రూపము వచ్చినప్పుడు గాని ఆ ముద్ర తొలగలేదు. నాలుగేండ్లు పాతది, క్రొత్తది ప్రక్కప్రక్కన నడచినవి.

ఒక కామా చెప్పిన పాఠము

జాగ్రత్త తప్పినచో ఏమగునో చెప్పు సంఘటనయు అదే భాషలో కలదు. పాత పార్సరు ఇంకను ఎన్నో చోట్ల వాడుకలో నుండెను. 2023లో దానిలో ఒక లోపము ప్రకటితమైనది. కొన్ని ప్రత్యేక చిహ్నములున్న చిరునామాను అది తప్పుగా విడదీసి, చిరునామా కాని భాగమును చిరునామా యని చెప్పుచుండెను. ఒక సంస్థ “మా సంస్థ పేరుతో ముగియు చిరునామా కలవారికే ప్రవేశము” అని నియమము పెట్టినదనుకొందము. పార్సరు తప్పు చదివినచో బయటివాడు లోపలివాడుగా చెలామణి కాగలడు.

వెంటనే సవరణ చేసిరి. 3.12వ రూపము పరీక్షా దశలో నుండగా, 2023 జూలైలో, ఆ సవరణ వెలువడినది. వెలువడిన కొలది దినములకే దానిని వెనుకకు తీసికొనవలసి వచ్చెను. ఏలయన, ఉద్ధరణ చిహ్నముల నడుమ పేరులో కామా యున్న న్యాయమైన చిరునామాలను ఆ సవరణ చదువలేకపోయెను! మన కల్పిత “శర్మ, తెలుగు పండితుడు” గారి వంటి వారందరు ఒక్క దెబ్బకు బయట నిలిచిరి. దొంగను ఆపబోయి ఇంటివానికే తలుపు మూసినట్లయినది. పిదప నిదానముగా ఆలోచించి, కఠినముగా చదువుట, పాతవలె చదువుట అను రెండు మార్గములను వేరుచేసి, కఠిన మార్గమును మామూలు మార్గముగా చేసి, పాతది తప్పనిసరియైన వారికి దానిని అడిగి పుచ్చుకొను వీలు కల్పించిరి. 2024 అక్టోబరులో వచ్చిన 3.13వ రూపములో ఆ యేర్పాటు చేరియున్నది.

ఈ కథ ఒకే సంగతి బోధించుచున్నది: పని మొదలుపెట్టక పూర్వమే నమూనాల పట్టిక సిద్ధముగా నుండవలెను. కామా గల పేరు, వ్యాఖ్యలో వ్యాఖ్య, ఖాళీలు, పాతబడిన పద్ధతులు, కావలెనని వ్రాసిన తప్పులు — వీటిలో ఒక్కొక్కదానికి సరియైన సమాధానము ఏదో ముందుగా వ్రాసి పెట్టుకొనవలెను. మార్పు చేసిన ప్రతిసారి పట్టిక అంతటిని సరిచూడవలెను. ఈ పట్టికయే పాత ప్రోగ్రాములోని అనుభవమునకు నిజమైన భాండాగారము. గోడ మారినను శిల మిగులును.

తెలుగు అక్షరము తలుపు తట్టినప్పుడు

ఇక మన యింటి సమస్యకు వత్తము. పాత పార్సరులన్నియు ఆంగ్లాక్షరములకై పుట్టినవి. వాటి లెక్కలో అక్షరమనగా 128 సంకేతములలో ఒకటి. ఆ పరిధి దాటినది అక్షరమే కాదు. ఆంగ్లాక్షరములలో మన పేరు వ్రాసికొనిన చాలదా యనవచ్చును. గరికపాడు అను మాటను ఆ లిపిలో వ్రాసి చూడుడు. మన డకారమునకు, దకారమునకు అచట ఒకే గుర్తు. “పాడు” వ్రాసితిమో “పాదు” వ్రాసితిమో తెలియదు. దీర్ఘమునకు ఒకరు ఒక అక్షరము వాడుదురు, ఒకరు రెండు వాడుదురు. ఊరొకటే, వర్ణక్రమములు నాలుగు. చిరునామాలో ఒక్క అక్షరము మారినను జాబు వేరొక పెట్టెకు పోవును.

దీనికి మార్గము ఏర్పడియున్నది. 2011లో తెలుగు లిపిలోని “.భారత్” అను అంత్య నామము అంతర్జాలపు మూల పట్టికలో చేరినది. 2012లో ఆర్.ఎఫ్.సి. 6530, దాని అనుబంధ పత్రములు @ గుర్తునకు ఎడమ వైపున కూడ అన్ని లిపులకు అనుమతి నిచ్చినవి. 2014లో గూగుల్ వారి జీమెయిల్ అట్టి చిరునామాలకు జాబులు పంపుటను, వాటినుండి స్వీకరించుటను ప్రారంభించెను. 2015లో పోస్ట్‌ఫిక్స్ అను ప్రసిద్ధ తపాలా ప్రోగ్రాము కూడ ఆ శక్తిని పొందినది. ఐనను ఎన్నో దరఖాస్తు పత్రముల వెనుక పాత పార్సరే కూర్చుండియున్నది. తెలుగు చిరునామా చూచినంతనే “చెల్లదు” అనును. విద్యార్థి వ్రాసినది తప్పు కాదు. చదివినవానికి చదువు చాలలేదు.

పాత పార్సరునకు తెలుగక్షరముల పట్టికను అతికించిన చాలునా? చాలదు. లెక్క చూతము. గరికపాడు అను మాటలో మన చెవికి అయిదక్షరములు. కంప్యూటరు సంకేతములలో హల్లులు నాలుగు, ఇకారము, ఆకారము, డకారముతో కూడి ఉకారము — సరిగా లెక్కించిన గ, ర, గుడి, క, ప, దీర్ఘము, డ, కొమ్ము — ఎనిమిది సంకేతములు. యూనికోడు వారి యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు. మొత్తము 24 బైట్లు. అయిదు, ఎనిమిది, ఇరువదినాలుగు — మూడును సత్యములే. ప్రామాణిక పత్రములు @ గుర్తు ఎడమ భాగమునకు 64 బైట్ల హద్దు విధించినవి. “గరికపాడు.జగ్గయ్యపేట” అన్నచో 24, ఒక చుక్క, 30 కలిసి 55 బైట్లు, చెల్లును. దానికి “.నందిగామ” చేర్చినచో మరి 22 కలిసి 77, చెల్లదు. కంటికి పదునాలుగక్షరములే! అక్షరములు లెక్కించి హద్దు లోపలనే యున్నదని భ్రమించు పార్సరు, 2003 నాటి పొరపాటునకు తోబుట్టువగును.

మరియొక చిక్కు. మైలవరము అను పేరులోని ఐత్వమును యూనికోడు రెండు విధముల వ్రాయనిచ్చును: ఏక సంకేతముగా, లేక ఎత్వమును దాని క్రింది గుర్తును వేరువేరుగా. కంటికి రెండును ఒకటే. యంత్రమునకు రెండును వేరు. కనుక పోల్చుటకు పూర్వము రెంటిని ఒకే రూపమునకు తేవలెను. “సాఫ్ట్‌వేర్” వంటి మాటలో పొల్లు నిలుచుటకై కంటికి కనబడని సంకేతమొకటి నడుమ నుండును. దానిని చెత్తయని ఊడ్చివేసినచో వకారము వత్తుగా మారి మాట రూపము చెడును. తెలుగు, కన్నడ లిపులలో చూపునకు ఒకటిగా తోచు అక్షరములున్నవి. వాటిని కలిపి వ్రాసి మోసగింప జూచువారిని కనిపెట్టవలెను. ఈ వివేకమంతయు అతుకులుగా వేయుటకు వీలుకాదు. పునాదినుండి అక్షరమనగా ఏమో తెలిసి వ్రాసిన పార్సరు కావలెను. ఆంగ్లమునకు తిరిగి వ్రాయుట సౌకర్యమైనచో తెలుగునకు అది అవసరము.

తరగతి గదిలో

ఉపాధ్యాయ మిత్రులు దీనిని కంప్యూటరు లేకయే బోధింపవచ్చును. నల్లబల్లపై పది చిరునామాలు వ్రాయుడు. కొన్నిటిలో కామాలు, కొన్నిటిలో వ్యాఖ్యలు, ఒకదానిలో పాత తాలూకా పేరు, ఒకదానిలో కావలెనని తప్పు ఉంచుడు. ఒక జట్టు విద్యార్థులను చదువుటకు నియమములు వ్రాయుమనుడు. రెండవ జట్టును ఆ నియమములకు లొంగని చిరునామా కల్పింపుమనుడు. అరగంటలో మొదటి జట్టు నియమములకు అతుకులు వేయుట మొదలుపెట్టును. అప్పుడు నియమములన్నిటిని తుడిచి, నమూనాలను మాత్రము నిలిపి, తిరిగి వ్రాయుమనుడు. రెండవసారి వ్రాసిన నియమములు తక్కువై, స్పష్టమై యుండును. ఏ నియమము ఎందుకున్నదో ప్రక్కన ఒక పంక్తిలో వ్రాయుట కూడ అలవాటు చేయుడు. మరుసటి యేటి తరగతి దానిని చదివి మార్చగలిగినచో అదియే నిర్వహణకు సులభమైన రచన.

చివరి మాట యొకటి. ఎంత గొప్ప పార్సరైనను చిరునామా రూపము సరిగా నున్నదని చెప్పగలదే గాని, ఆ పెట్టె వెనుక మనిషి యున్నాడని చెప్పలేదు. అది తెలియుటకు ఒక జాబు పంపి, ప్రత్యుత్తరమునకై ఎదురుచూచుట ఒక్కటే మార్గము. కావున పార్సరు న్యాయాధిపతి కానక్కర లేదు. దారి చూపిన చాలును. ఒక పల్లెటూరి విద్యార్థి తన ఊరి పేరును తన లిపిలో వ్రాసి పంపిన దరఖాస్తును “చెల్లదు” అని త్రిప్పికొట్టకుండ, చదివి, సందేహమున్నచో అడిగి, గడపకు చేర్చునదే మంచి పార్సరు. అట్టిదానిని వ్రాయువారు వ్యాకరణము బాగుగా చదువుకొన్న పిల్లలలోనుండియే రావలెను.